ఎర్ర చుక్క గ్లాసులు

ఖర్జూరపు గుజ్జు సన్నని సెగమీద ఉడుకుతుండగా అందులో అప్పుడే దంచిన ఏలకుల పొడి పడితే లేచే వాసన ఈ ఉదయం మస్కట్ ఘుబ్రాలోని మా ఫ్లాటంతా నిండి, తలుపు సందుగుండా మెట్లమీదికి కూడా ప్రాకింది. ఎదురింటి మలయాళీ ఆవిడ తలుపు తట్టి పాయసమా అని అడిగింది. క్రింద భవనానికి కాపలా ఉండే ఒమానీ వృద్ధుడు హల్వా అనుకున్నాడట. అది రెండూ కాదు. ఉత్తర సముద్రంలోని ఐస్‌లాండ్ అనే చలిదేశంనుంచి ఒకప్పుడు ఓడలెక్కి వెళ్ళి, కెనడాలో ఒక సరస్సు ఒడ్డున స్థిరపడిన జాలరి కుటుంబాలవారు క్రిస్మసుకు చేసుకొనే ఏడు పొరల కేకు అది. వారు పొరలమధ్య ఎండు ఆల్‌బుఖారా పళ్ళ గుజ్జు పూస్తారు. మస్కట్‌లో ఆ పళ్ళు దొరకని రోజులలో ఖర్జూరంతో సరిపెట్టుకొని, ఆ పద్ధతిని మా అమ్మకు నేర్పినవారు ఐనార్ గారు. ఆయన ఆ కుటుంబాలలో ఒకదానిలో పుట్టి, అకౌంటెంటుగా ఈ దేశానికి వచ్చి, జీవితంలో సగానికి మించి ఇక్కడే గడిపి, తొంభై దాటిన వయస్సులో మొన్నటి చలికాలం ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. పిండిని నేను కొలిచినది అమ్మ వదిలివెళ్ళిన స్టీలు గ్లాసుతో. ఏళ్ళ తరబడి బడిపిల్లల నోటుపుస్తకాలలో మార్జిను వంకర పోతే సహించని ఉపాధ్యాయినిగా బ్రతికినదానిని. ఏ వస్తువు ఉండవలసిన చోట అది ఉంటేనే నాకు మనశ్శాంతి. ఆ గుణం మా నాన్నగారిది. ఐనార్ గారిది కూడా అదే. అటువంటి ఇద్దరు మనుషులమధ్య జరిగిన ఒక విషయం ఈ వాసనతోపాటే లేచి వచ్చి, ప్రతి డిసెంబరులోనూ నా తల వంచుతుంది.

మేము మస్కట్ వచ్చేనాటికి నాకు బడి ఈడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నగారు అక్కడే మందుల స్టోరు చూసేవారు. గోదావరి ఒడ్డున మిషను కాంపౌండులో చదువుకొని పైకివచ్చిన కుటుంబాలు రెండూ. ఆసుపత్రి వెనుక మాకిచ్చిన క్వార్టర్సులో వేసవి మధ్యాహ్నాలు కిటికీ ఏసీలు ఎడతెగకుండా గురగురలాడుతూ ఉండేవి. వాటి వెనుక గొట్టాలనుంచి బొట్టుబొట్టుగా కారే నీటిని బకెట్లలో పట్టి, ఎవరి బకెట్టు ముందు నిండుతుందోనని మేము పందాలు వేసుకొనేవాళ్ళం. పొద్దువాలాక సిమెంటు కాలిన వాసన ఇంకా వదలని డాబామీద, గోడనుంచి ఊడిపడ్డ సున్నపు పెళ్ళతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, సముద్రంవైపునుంచి వచ్చే తడిగాలికి జడలు మెడకు అంటుకుపోయేవి. చలికాలం తెల్లవారుజామున నాన్నగారు మమ్మల్ని ఒడ్డుకు తీసుకువెళ్ళేవారు. ఇసుకమీద వెండి పరచినట్లు కవళ్ళ చేపలు ఎండుతుండేవి. ఏదో ఇంటినుంచి సాంబ్రాణి పొగ వచ్చి ఆ చేపల నీచుతో కలిసేది. ఆ రెండు వాసనలూ కలిసిన గాలిని నేను మళ్ళీ ఎక్కడా పీల్చలేదు. ఇంటికి రాగానే చెప్పులు గుమ్మం ప్రక్కన వరుసగా, మడమలు గోడకు తగిలేటట్లు విడవాలి. విడవకపోతే నాన్నగారు ఏమీ అనరు. తామే వంగి సర్దుతారు. ఆ వంగడం చూడలేక మేమే సర్దుకొనేవాళ్ళం.

శుక్రవారం ఆరాధన. ఒక వ్యాపార సంస్థ గోడౌను ప్రక్కన ఖాళీగా ఉన్న హాలును ఐనార్ గారు తమ యజమానిని అడిగి మా తెలుగు సంఘానికి ఇప్పించారు. పాస్టరు గారు నెలకొకసారి వచ్చేవారు. మిగిలిన వారాలలో సంఘపెద్దగా నాన్నగారే దేవుని వాక్యం చెప్పేవారు. ఆరాధన తర్వాత ప్రేమవిందు. ఇనుప డేగిశాలలో కోడికూర, ఎవరో సెలవుకు వెళ్ళి సూట్‌కేసులో దాచి తెచ్చిన గోంగూర, క్రిస్మసు నెల అయితే అరిసెలు, కజ్జికాయలు. నేలమీద చాపలు పరచి బంతులుగా వడ్డన. మొదటి బంతిలో సంఘపెద్దలు, ఉద్యోగుల కుటుంబాలు. రెండవ బంతిలో వడ్డించిన ఆడవారు, ఆలస్యంగా డ్యూటీ దిగి వచ్చిన నర్సులు. చివరి బంతిలో ఘాలా పారిశ్రామికవాడనుంచి వచ్చినవారు. వీరు కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెలనుంచి వచ్చి కంపెనీ క్యాంపులలో ఉంటూ ఇళ్ళు కట్టే మేస్త్రీలు, కూలీలు. మా మతంవారు కారు. అయినా వారంలో ఒక్కపూట తెలుగు మాటా తెలుగు కూరా దొరికే చోటు అదొక్కటే కనుక, ఐనార్ గారు తమ వ్యాను తీసుకుపోయి వారిని ఎక్కించుకొని వచ్చేవారు. ఉతికిన లుంగీలు, ప్యాంట్లు వేసుకొని, తలకు నూనె రాసుకొని, వారు వెనుక వరుసలలో ఓపికగా కూర్చొని మా పాటలన్నీ వినేవారు.

ఐనార్ గారు చాలా పొడవు. ఎండకు చెవులు మాత్రం ఎర్రగా కమిలిపోయి ఉండేవి. పొట్టిచేతుల తెల్ల చొక్కా, సాక్సుమీద చెప్పులు. హాలులో కుర్చీలు వేసేముందు ఆయన ఈ గోడనుంచి ఆ గోడకు నూలుదారం లాగి కట్టి, ఆ దారానికి కుర్చీ వీపులు తగిలేటట్లు సర్ది, తర్వాత దారం చుట్టి జేబులో వేసుకొనేవారు. మొదటిసారి అది చూసిన రోజున నాన్నగారి ముఖంలో కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తు. పరాయి దేశంలో తప్పిపోయిన తమ్ముడు కనబడ్డట్లు చూశారు. అప్పటినుంచి వారిద్దరూ స్నేహితులు. కాని మా సంఘంవారికి తెల్లవాడంటే మిషనరీయే, మిషనరీ అంటే దొరగారే. తాను దొరను కానని, ఒక కంపెనీలో అకౌంటెంటునని, తాతలు చేపలు పట్టుకొని బ్రతికారని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ముందు వరుసలో చేతుల కుర్చీ, మొదటి బంతిలో మొదటి విస్తరి, మంచినీళ్ళకు వెండి గ్లాసు ఆయనకు కేటాయించబడ్డాయి. ఆయన ఆ కుర్చీలో ఎవరైనా ముసలమ్మను కూర్చోబెట్టి, గరిటె పట్టుకొని వడ్డనకు దిగి, చివరి బంతిలో ఘాలా వారి ప్రక్కన కూర్చొని తినేవారు. ఎంత వినయమో అని మా పెద్దవారు మెచ్చుకొనేవారు. అయినా వెండి గ్లాసు మాత్రం ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడికి వెళ్ళేది.

ఆయన తెలుగు ఒక వింత. నేర్పినవారు ఘాలా మేస్త్రీలు కనుక, వ్యాను దిగుతూనే మా అమ్మను, "మంచిగున్నరా అమ్మా? నాకు మస్తు ఆకలైతాంది," అని పలకరించేవారు. నాన్నగారి కనుబొమలు ముడిపడేవి. "దొరగారూ, 'కులాసాగా ఉన్నారా' అనాలి," అని నేర్పించబోయేవారు. ఐనార్ గారు శ్రద్ధగా తల ఊపి, మరునాడు మళ్ళీ "మంచిగున్నరా" అనేవారు. ఒకరోజు అమ్మ ఇంట్లో ఎండుచేపలు వేయిస్తూ, తలుపులు బిగించి, ఇరుగుపొరుగుకు వాసన పోకుండా తువ్వాళ్ళు అడ్డం పెడుతూ ఉండగా ఆయన వచ్చారు.

"అయ్యో, ఇప్పుడే రావాలా దొరగారూ! మీరు బయట గాలికి కూకోండి. ఇది మీరు తినేది కాదండీ, కంపు కొడద్ది," అన్నది అమ్మ.

ఆయన వాసన పీల్చి, తిన్నగా వంటింటిలోకి నడిచివచ్చి, వేయించని ముక్క ఒకటి తీసుకొని, ఫ్రిజ్ తెరిపించి వెన్న అడిగారు. ఆ పచ్చి ఎండుచేపను నారలు నారలుగా చీల్చి, దానిమీద వెన్న పూసుకొని, కళ్ళు మూసుకొని నమిలారు. తమ ఇంట ఇలాగే తినేవారట. అమ్మ నోటిమీద చేయి పెట్టుకొని కొంతసేపు చూసి, "ఏవండీ, ఈయన దొరేంటండీ, శుద్ధ మనోడు!" అని నాన్నగారిని కేకవేసింది. ఆ వారంనుంచి అమ్మ ఆయనను దొరగారు అనడం మానేసి "ఐనార్ గారు" అన్నది. మా సంఘంలో అలా పిలిచిన మొదటి మనిషి ఆమే.

ఆ సంవత్సరం క్రిస్మసుకు ఆయన మా వంటింట్లో కేకు చేశారు. పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండురోజులు గుడ్డలో చుట్టి ఉంచి, తర్వాత అంచులు కత్తిరించి, ముక్కలన్నీ ఒకే కొలతకు కోశారు. అంచుముక్కలు కోసినవారికి, అది నియమమట. మేము పిల్లలం చేయి చాస్తే ఆపారు. అందరి చేతికీ అందాక కాని ఎవరూ కొరకరాదు. అది ఆయన నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. ఆమె కథ ఆయన ఆరోజే చెప్పారు. ఐస్‌లాండ్‌లో ఆమె చిన్నపిల్లగా ఉండగా తండ్రి పడవ తిరిగి రాలేదు. దిక్కులేని పిల్లలను ఊరిపెద్దలు ఏదో ఒక కమతానికి అప్పగించేవారట. ఆ ఇంట్లో అందరూ ఒకే పొడవాటి గదిలో, ఎవరి మంచంమీద వారు కూర్చొని, ఎవరి మూత ఉన్న కొయ్యగిన్నెలో వారు తినేవారు. ఆ పిల్ల గిన్నె వేరే బల్లమీద, తలుపు దగ్గర. అందరివీ నిండాక అడుగున మిగిలినది ఆ గిన్నెలోకి. ఒక్కోరోజు మిగిలేది కాదు. పెద్దదై ఓడ ఎక్కి కెనడా వచ్చి తన ఇల్లు తాను కట్టుకున్నాక, ఆమె ఇంట్లో ఎవరికీ వేరే గిన్నె ఉండకూడదని, ఎవరూ ముందు తినకూడదని శాసనం చేసింది. తాను చివరి బంతిలో ఎందుకు కూర్చుంటారో ఐనార్ గారు వేరే చెప్పలేదు. చెప్పనక్కరలేకుండా మాకందరికీ తెలిసింది.

నాన్నగారికి ఆ కథ ఎంత నచ్చిందంటే, తర్వాతి శుక్రవారం దానినే వాక్యంగా చెప్పారు. తలుపు దగ్గరి గిన్నె అన్నప్పుడు ముందు వరుసలో ఆడవారు కళ్ళు తుడుచుకున్నారు. నాన్నగారికి ఆ కథ పరాయిది కాదు. ఆయన చిన్నతనంలో మా ఊరి టీకొట్టు చూరుకు మా కులంవారికోసం ఒక కొబ్బరిచిప్ప వ్రేలాడుతూ ఉండేదని, దానిలోకి పైనుంచి టీ పోసేవారని, త్రాగి కడిగి మళ్ళీ తామే తగిలించాలని మా మేనత్త ఒకసారి చెప్పింది. నాన్నగారు తమ నోటితో ఎన్నడూ చెప్పలేదు. వాక్యం ముగిసింది, ప్రార్థన ముగిసింది, చాపలు పరిచారు. అలమరనుంచి గ్లాసులు దిగాయి. పై అరలోవి మాకు. క్రింది అరలోవి ఘాలా వారికి. క్రింది అర గ్లాసుల అడుగున ఎర్రరంగు చుక్క ఉండేది.

ఆ చుక్కలు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. గ్లాసు తీసుకొనేముందు వెనక్కి త్రిప్పి చూసుకోవాలన్నది జడ వేసుకోవడం వచ్చినట్లే వచ్చింది. పెద్దవారు మాట్లాడుకొనేటప్పుడు దానికి పేరు శుభ్రత. క్యాంపులలో ఒక్కో గదిలో ఎందరో ఉంటారు, దగ్గులు, జబ్బులు, మనం ఆసుపత్రివాళ్ళం, జాగ్రత్తగా ఉండాలి. కాని జలుబుతో ముక్కు చీదుకుంటూ వచ్చిన మా సంఘం పిల్లవాడికి ఎవరూ చుక్క గ్లాసు ఇవ్వగా నేను చూడలేదు.

ఇక అసలు మాట. ఆ చుక్కలు దిద్దేది ఐనార్ గారే.

కొత్తలో ఒకసారి ఆయన గ్లాసు త్రిప్పి, ఈ గుర్తు ఏమిటని అడిగితే నాన్నగారు, "హాలు గ్లాసులు కదండీ, గుర్తుకోసం," అన్నారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ సమాధానం ఐనార్ గారి ప్రాణానికి హాయి అనిపించింది. గుర్తులేని పై అరవి ఎవరో ఇళ్ళనుంచి తెచ్చి ఉంచినవని ఆయన అనుకొని ఉండాలి. వస్తువుకు గుర్తు ఉండడం, ఆ గుర్తు చెరిగిపోకుండా చూడడం ఆయన వృత్తిలోని మర్యాద. తోముడుకు రంగు పోతున్నదని గమనించి, ఏటేటా వేసవిలో కంపెనీ స్టోరునుంచి చిన్న డబ్బాడు ఎర్ర ఎనామిలు, సన్నని కుంచె తెచ్చి, హాలు వసారాలో వార్తాపత్రిక పరచి, గ్లాసులు బోర్లించి, ఈలవేసుకుంటూ ఒక్కొక్కదాని మధ్యన గుండ్రని చుక్క పెట్టేవారు. ఆ పని చేస్తున్నప్పుడు సంఘంలోని పెద్దలంతా ఆయనకు ఎదురుగా నడిచేవారు, పలకరించేవారు, ఎంత చక్కగా పెడుతున్నారండీ అనేవారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కుంచె ఆపలేదు.

ఆపినవాడు మల్లేశం. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. ఐనార్ గారికి తెలుగు నేర్పినవారిలో మొదటివాడు. ఆరోజు వసారా చివర మేము తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాం. ఉక్కపోతకు గోడలు సైతం చెమర్చినట్లున్నాయి. మల్లేశం నీళ్ళకోసం లోపలినుంచి వచ్చి, బోర్లించిన గ్లాసుల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏం సార్, ఈ యేడు గూడ సుక్కలు పెడ్తున్నరా?"

"పెడ్తున్న. మంచిగున్నదా?" అన్నారు ఐనార్ గారు, తల ఎత్తకుండానే.

"గుండ్రంగ పెడ్తరు మీరు. నా పెండ్లాం నొసట బొట్టు గూడ గింత గుండ్రంగుండది." మల్లేశం నవ్వాడు.

"హాల్ గ్లాసులు గద. పోవద్దు."

మల్లేశం నవ్వు ఆగింది. "గట్ల చెప్పిండ్రా మీకు?"

"ఆఁ."

"పోయేటియి కావు సార్ ఇవి. మావి. మేం తాగెటియి. సుక్క లేనియి ఆల్లయి." ఆయన ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "మీకెర్కలేదా? మీరే గద సార్ పెట్టేది. మేమనుకుంటిమి, సార్ మంచోడే, మాతోని కూసుండి తింటడు, గని గీ ఒక్కకాడ ఆల్ల దిక్కే అని. ఊర్ల దొరని ఇడిశి ఈడికొస్తె ఈడ గూడ దొరేనా అని మా రూమ్‌ల నవ్వుకునేటోల్లం. ఏమనుకోకుండ్రి."

ఐనార్ గారు కుంచెను డబ్బా అంచున ఆనించారు. అది జారి పత్రికమీద పడింది, ఆయన తీయలేదు. ఏ వస్తువు పడినా వెంటనే తీసే మనిషి. తర్వాత లేచి, నాన్నగారిని పిలిచి, మెల్లగా ఇంగ్లీషులో ఒకే ప్రశ్న అడిగారు: ఇతను చెప్పినది నిజమా? నాన్నగారు శుభ్రత గురించి, క్యాంపుల గురించి, ఆసుపత్రి గురించి చెప్పారు. చక్కని వరుసలో, ఒకదానితర్వాత ఒకటిగా చెప్పారు. ఐనార్ గారు అంతా విని, తన కుడిచేతి వేళ్ళకు అంటిన ఎర్రరంగును చూసుకున్నారు.

"మా నాయనమ్మ గిన్నె కథ మీరు వాక్యంగా చెప్పారు," అన్నారు ఇంగ్లీషులోనే. "ఆ రోజు కూడా ఇవి ఇక్కడే ఉన్నాయి."

వసారాలో మా బిళ్ళ ఏ గడిలో ఉన్నదో, ఎవరి వంతో మాకెవరికీ గుర్తులేదు. పెద్దవారి ముఖం చూసి పెద్దవారి సిగ్గు తెలుసుకోవడం అదే నాకు మొదలు. నాన్నగారు తిరిగి లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. ఒకటి బోర్లా పడింది. సర్దలేదు.

మరుసటి శుక్రవారం మేము హాలుకు వెళ్ళేసరికి ఐనార్ గారు అప్పటికే ఘాలా వారిని తీసుకువచ్చి, కుర్చీలు వేసి, దారం చుట్టి జేబులో పెట్టుకున్నారు. అలమరలో రెండు అరలు లేవు. గ్లాసులన్నీ ఒకే అరలో ఉన్నాయి. ప్రతి గ్లాసు అడుగునా ఎర్రచుక్క. పై అరవాటికీ, పాస్టరు గారి గ్లాసుకూ, వెండి గ్లాసుకూ కూడా. అన్నీ గుండ్రంగా, అన్నీ మధ్యన. ఆయన ఎవరినీ నిందించలేదు, ప్రసంగించలేదు. లెక్కలో దొర్లిన తప్పును లెక్కలోనే సరిదిద్దే మనిషి. ఆరోజు బంతిలో ఆడవారు గ్లాసు త్రిప్పి చూసుకొని, ఒకరి ముఖాలొకరు చూసుకొని, నీళ్ళు ముట్టకుండా అన్నం తిన్నారు. కారం ఎక్కువైన కోడికూరకు పొలమారుతున్నా పిల్లలచేత కూడా త్రాగనివ్వలేదు. ఐనార్ గారు ఇంకా ఆశతోనే ఉన్నారని నాకు అనిపించింది. వారం గడిస్తే అలవాటు పడతారని అనుకొని ఉంటారు.

వారం గడిచింది. ఆ శుక్రవారం ఇంటినుంచి బయలుదేరుతూ అమ్మ మా స్టీలు గ్లాసులు గుడ్డసంచిలో వేసి నా చేతికిచ్చింది. అమ్మ నాన్నగారి ముఖం చూడలేదు, నాన్నగారు సంచివైపు చూడలేదు. హాలు గుమ్మంలో ఐనార్ గారు ఎప్పటిలాగే నిలబడి వచ్చినవారికి చేయి కలుపుతున్నారు. మాకు ముందు వెళుతున్న కుటుంబం చేతిలోని సంచి గలగలమన్నది. వారికి ముందున్నవారి సంచి కూడా. ఒకరికొకరు చెప్పుకోకుండానే, సంఘమంతా ఇళ్ళనుంచి తమ తమ గ్లాసులు తెచ్చుకున్నది. ఆ గుమ్మంగుండా ఒక్కొక్క కుటుంబమే దాటుతుంటే, ఒక్కొక్క సంచే గలగలమంటుంటే, ఐనార్ గారు ప్రతి ఒక్కరికీ చేయి కలిపారు. నా వంతు వచ్చింది. నేను సంచిని రెండుచేతులా గుండెకు అదుముకున్నాను, అయినా మ్రోగింది. ఆయన వంగి, నా తలమీద చేయి ఉంచి, "మంచిగున్నవా బిడ్డా?" అన్నారు.

వడ్డనవేళకు ఆయన లేరు. వ్యానూ లేదు. వెనుక వరుసలు ఖాళీ. మల్లేశం వాళ్ళ రూమ్‌లో ఆరోజు ఏమి వండుకొని తిన్నారో, ఏ గ్లాసులో త్రాగారో మాకు తెలియదు. ఆ తర్వాత ఐనార్ గారి శుక్రవారాలన్నీ ఘాలాలోనే గడిచాయి.

మాతో ఆయన తెగతెంపులు చేసుకొని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది. చేసుకోలేదు. సంఘం లెక్కలు కళ్ళు సహకరించినంతకాలం ఆయనే చూశారు. డ్యూటీ దిగిన నర్సులకు బండి దొరకకపోతే ఆయన వ్యానే వచ్చేది. ఈ దేశంలో చనిపోయిన ఏ తెలుగువాడి పెట్టె విమానాశ్రయానికి వెళ్ళినా, వాడు ఘాలావాడైనా మావాడైనా, వెనుక ఆయన నడిచేవారు. కంపెనీవారు ఆయనను వదులుకోలేక ముసలితనంలోనూ ఏదో పనిపెట్టి ఇక్కడే ఉంచుకున్నారు. క్రిస్మసు ముందు అమ్మ కేకు చేస్తే వచ్చి, పొరలు సమంగా ఉన్నాయో లేదో కళ్ళజోడు సర్దుకొని పరీక్షించి, అంచుముక్క ఒకటి నోట్లో వేసుకొనేవారు. కాని మా సంఘంలో ఎవరి ఇంట్లోనూ ఆయన మంచినీళ్ళు మాత్రం పుచ్చుకోలేదు. అమ్మ పళ్ళెంలో గ్లాసు పెట్టి తెచ్చేది. ఆయన రెండుచేతులా అందుకొని, "ఇప్పుడే తాగిన అమ్మా," అని మృదువుగా బల్లమీద ఉంచేవారు. త్రిప్పి చూసేవారు కారు. అదే అమ్మకు కత్తికోత. "ఒక్కసారి తిట్టినా బాగుండేదే," అనేది నాతో, గ్లాసు వంటింట్లో ఒంపుతూ. నాన్నగారు మరి కొన్నేళ్ళు వాక్యం చెప్పారు. గిన్నె కథ మళ్ళీ ఎత్తలేదు. అమ్మానాన్నలు ఉద్యోగాలు విరమించి కాకినాడ వెళ్ళిపోయాక, నేను పెళ్ళయి ఘుబ్రాలో కాపురం పెట్టాక, ఫోనులో అమ్మ ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఐనార్ గారొచ్చారా? మంచినీళ్ళు తాగారా?" వచ్చారమ్మా అనేదానిని. రెండవదానికి నా దగ్గర సమాధానం లేకుండానే అమ్మ వెళ్ళిపోయింది.

మొన్నటి చలికాలం ఆయనను ఆసుపత్రిలో చేర్చారని తెలిసి వెళ్ళాను. జ్ఞాపకశక్తి చాలావరకు పోయింది. ఇంగ్లీషు తడబడుతున్నది, మధ్యమధ్య ఎవరికీ అర్థంకాని మాటలు, బహుశా నాయనమ్మ భాష. చూసుకుంటున్న నర్సు భీమవరం అమ్మాయి, నా మనవరాలి ఈడుది.

"రండి మేడమ్. తాతగారికి ఓ అలవాటుందండి," అన్నది నవ్వుతూ. "ఏ కప్పుతో నీళ్ళిచ్చినా ముందు బోర్లించేసి అడుగు చూస్తారండి. దుప్పటంతా తడుపుకుంటన్నారు. అందుకని ఇప్పుడు ఖాళీ కప్పే ముందు చేతికిచ్చేత్తన్నాం. చూసుకున్నాక నీళ్ళు పోత్తన్నాం."

నేను కాగితపు కప్పు ఖాళీగా అందించాను. ఆయన దానిని బోర్లించి, కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, చాలాసేపు చూశారు. తెల్లని కాగితం. తర్వాత దానిని ప్రక్కన ఉన్న ఇంకొక కప్పు అడుగుతో సరిచూసుకొని, "మంచిగున్నది," అన్నారు, మల్లేశం గొంతుతో. నేను నీళ్ళు పోశాను. త్రాగారు. మా ఇంటి చేతినుంచి అన్నేళ్ళకు. అమ్మ ప్రశ్నకు సమాధానం దొరికిందని ఒక్కక్షణం పొంగిపోయాను.

"మీరెవరు?" అని అడిగారు అప్పుడు.

నాన్నగారి పేరు నా నాలుకమీదికి వచ్చింది. "టీచర్నండీ," అన్నాను.

బయట నడవలో ఆ అమ్మాయి నా వెంట వచ్చి, "అసలేం చూస్తారంటారు మేడమ్, కప్పు కింద?" అని అడిగింది. అడిగినది మనస్ఫూర్తిగా. పిల్లలకు నిజం చెప్పమని బోధించడమే వృత్తిగా బ్రతికిన నేను, "ఏమో తల్లీ, ముసలితనం," అని చెప్పి లిఫ్టు ఎక్కాను.

ఆయన సమాధి కార్యక్రమానికి ఘాలా నుంచి కంపెనీ బస్సు నిండా మనుషులు వచ్చారు. వారిలో మల్లేశం లేడు. ఎప్పుడో ఊరికి వెళ్ళిపోయాడు. పెట్టె మోసినది వారే. తర్వాత ఖురంలోని ఒక హోటలులో భోజనం. బంతి లేదు; ఎవరి ప్లేటు వారు పట్టుకొని నిలబడి తినడం. గ్లాసులే లేవు. అందరికీ మూత బిగించిన ప్లాస్టిక్ సీసా, ఎవరిది వారికి. మా హాలు ఉన్నచోట ఇప్పుడు కార్ల షోరూము. ఒడ్డున కవళ్ళు ఎండే ఇసుకమీద నడక దారి వేశారు. ఎండుచేప వాసన వస్తే క్షమించమని భవనం వాట్సాప్ గ్రూపులో ముందుగా వ్రాస్తారు. దారం కట్టి కుర్చీలు వేసేవారు లేరు. చుక్క ఎవరూ పెట్టనక్కరలేదు, ఎవరి సంచీ గలగలమననక్కరలేదు. ఆ పాత సిగ్గు చప్పుడు లేకుండా బ్రతకడం నేర్చుకున్నది.

కేకు చల్లారింది. గుడ్డలో చుట్టే ముందు వంటిల్లు సర్దాను. పిండి కొలిచిన గ్లాసు, దాని జతవి, అన్నీ కడిగి, గుడ్డమీద వరుసగా బోర్లించాను. ఆనాడు నా చేతిసంచిలో మ్రోగినవి ఇవే. కిటికీ వెలుతురులో వాటి అడుగులు మెరుస్తున్నాయి. ఒక్కొక్కదానినీ చూశాను. ఒక్కదానిమీదా ఏ గుర్తూ లేదు.